భూమి ఎవరి చేతి మీదుగా వచ్చింది?

ఆఫ్రికాలో ఎక్కడ గుడిసెలు తగలబడినా పత్రికలు చెప్పే కారణం ఒకటే: తెగల వైరం. అంతటితో వివరణ అయిపోతుంది. ఏళ్ల తరబడి పక్కపక్కనే దున్నుకున్న రైతులు ఫలానా సంవత్సరంలోనే, ఫలానా ప్రాంతంలోనే ఎందుకు శత్రువులయ్యారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. రాజనీతి శాస్త్రవేత్త కేథరిన్ బూన్ దీనికి సమాధానాన్ని పుట్టుకలో కాక భూమి హక్కుల్లో వెతికింది. 2014లో వెలువడిన 'ప్రాపర్టీ అండ్ పొలిటికల్ ఆర్డర్ ఇన్ ఆఫ్రికా' గ్రంథంలోని ఆమె వాదన రచయితలకు కూడా పనికొచ్చేది.

ఆ వాదన క్లుప్తంగా ఇది. ఆఫ్రికా పల్లెల్లో చాలాచోట్ల భూమి కేవలం కొనుగోలు వల్ల దక్కదు. ఏదో ఒక అధికారం అనుమతితో దక్కుతుంది. ఆ అధికారం రెండు రకాలు. ఒకచోట అది వంశపెద్దది, తెగ నాయకుడిది. దీన్ని అనాది ఆచారం అనుకోకూడదు. తక్కువ ఖర్చుతో పాలన సాగించుకోవడానికి వలసపాలకులు గుర్తించి, బలపరిచి, చాలావరకు కొత్తగా మలిచిన ఆచారం అది. రెండోచోట ప్రభుత్వమే భూమిని చేతిలోకి తీసుకుని, కొలిపించి, తాను ఎంచుకున్న వాళ్లను తెచ్చి నిలుపుతుంది. మొదటిచోట తగాదా కుటుంబంలోనో, నాయకుడి వాకిట్లోనో తిరుగుతుంది. రెండోచోట పొలంగట్టు తగాదా నేరుగా రాజధానికి ఎక్కుతుంది.

ఒక్క కెన్యాలోనే ఈ తేడా కనిపిస్తుంది. జనసాంద్రత ఎక్కువైన కిసీ ప్రాంతంలో పొలాలు తరతరానికీ ముక్కలవుతాయి. అన్నదమ్ములు, విధవలు, సవతి కొడుకులు కలహిస్తారు. బాధ తక్కువదేమీ కాదు, కాని అది పార్టీల పోరు కాదు. రిఫ్ట్ లోయ కథ వేరు. అక్కడి సారవంతమైన నేలను బ్రిటిష్ పాలకులు తెల్లవాళ్ల కోసం ప్రత్యేకించారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చే వేళకు ఆ కమతాలను అప్పు తెచ్చిన డబ్బుతో కొని పంచే పథకాలు మొదలయ్యాయి. జోమో కెన్యాట్టా ఏలుబడిలో కికుయు రైతులు ఆ పథకాల ద్వారా, భూమి కొనుగోలు కంపెనీల ద్వారా పెద్ద సంఖ్యలో అక్కడికి చేరారు. అది తమ పూర్వీకుల నేల అని కలెంజిన్, మాసాయి ప్రజలు అంటూనే ఉన్నారు.

కాబట్టి వలస వచ్చిన రైతు హక్కు నిలిచింది ప్రభుత్వం అండ మీద. ప్రభుత్వం మారితే? ఈ ప్రశ్న ఇరుపక్షాలకూ తెలుసు. ఒకరికది భయం, మరొకరికి ఆశ. 1991 అక్టోబరులో, బహుళపార్టీ ఎన్నికల కోసం ఒత్తిడి పెరుగుతున్నప్పుడు, నంది జిల్లా మెటెయిటెయ్ కమతంలో దాడులు మొదలయ్యాయి. అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి పార్టీ నాయకులు 'బయటివాళ్లు' వెళ్లిపోవాలని బహిరంగంగా పిలుపునిచ్చారు. 2007 డిసెంబరు ఎన్నికల తరువాత వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలమంది నిలువనీడ కోల్పోయారు. ఓటు విలువ తెలియక జరిగిన హింస కాదిది. ఓటు తన పొలాన్ని తీసేయగలదని, తెచ్చిపెట్టగలదని తెలిసినందువల్ల జరిగిన హింస.

అయితే ఒక ప్రశ్నకు ఈ విశ్లేషణ పూర్తిగా సమాధానమివ్వదు. ప్రభుత్వ భూములు రాజకీయ నాయకులకూ అధికారులకూ అక్రమంగా ఎలా దక్కాయో కెన్యాలోనే న్డుంగు కమిషన్ 2004 నివేదికలో బయటపెట్టింది. కాని కాలింది ప్రధానంగా చిన్నరైతు ఇల్లు. పేదవాడి కోపం పెద్ద ఎస్టేటు గేటు దాటి పక్కవాడి గుడిసె మీదికి ఎలా మళ్లింది? పంపకం చేసే అధికారాన్ని చూస్తే చాలదు, వర్గాన్నీ చూడాలి.

ఇక్కడే సాహిత్యం పని ఉంది. కెన్యా మనకు పరిచయమైంది ముఖ్యంగా గూగీ వా థియాంగో ద్వారా; ఆయన 'డెవిల్ ఆన్ ద క్రాస్'ను వరవరరావు జైల్లో ఉండి తెలుగు చేశారు. 1964 నాటి ఆయన నవల 'వీప్ నాట్, చైల్డ్'లో న్గోతో తన తాతల నేల మీదే తెల్లదొరకు కూలీగా బతుకుతాడు. అతని పక్షాన నిలవడానికి మనం తడుముకోం. కాని అలాంటి న్గోతోల పిల్లలు కొందరు స్వాతంత్ర్యం తరువాత రిఫ్ట్ లోయలో పట్టా పుచ్చుకున్నారు. అక్కడ వాళ్ల కోసం కాక, వాళ్లను చూపించి, తన తాతల నేల అని ఏడ్చినవాడు మరొకడు. నిన్నటి బాధితుణ్ణి నేటి ఆక్రమణదారుగా నిలబెట్టింది ఆ రైతు దుర్బుద్ధి కాదు. దొర భూమిని అసలు హక్కుదారులెవరో తేల్చకుండా అమ్మించి పంచిన ప్రభుత్వం.

ఇద్దరిలో ఒకణ్ణి వదిలేస్తే కథ సులువవుతుంది, నిజం పోతుంది. భూమి గురించి రాసేవాడు పాత్రకు ఎన్ని ఎకరాలుందో చెప్పి ఊరుకోకూడదు. అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో, ఆ చెయ్యి దాన్ని అంతకుముందు ఎవరి దగ్గర లాక్కుందో కూడా అడగాలి.