రెండో గాలపు కర్ర

సెలవు రోజున ఏటి ఒడ్డున గాలం వేసే అలవాటున్న వారందరికీ ఏదో ఒకనాడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. రెండో కర్ర, రెండో రీలు ఎలాంటివి కొనాలి? మొదటిది కొనడం సులువే. దుకాణదారు ఏది చేతికిస్తే అది తెచ్చుకుంటాం. రెండోదానికి మాత్రం కారణం చెప్పుకోవాలి. "ఒకటుంది కదండీ, మళ్లీ ఎందుకు?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

యానాంలో గౌతమీ గోదావరి మీద నేను గాలం వేసేది ముఖ్యంగా పండుగప్ప కోసం. మన పాఠకుల్లో తమిళనాట ఉన్నవారు దీన్ని కొడువా అని, మహారాష్ట్రలో ఉన్నవారు జితాడా అని, ఒడిశా వైపు వారు భెట్కి అని ఎరుగుదురు. ఇంగ్లీషులో సీ బాస్. చిక్కంతా ఈ బాస్ అనే మాటతోనే. బాస్ వేట మీద దొరికే పుస్తకాలు చాలామటుకు అమెరికా వారివి. వారి లార్జ్‌మౌత్ బాస్ మంచినీటి చెరువుల చేప, దాని కుటుంబమే వేరు. అందులో ప్రపంచ రికార్డు 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన చేప. బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే సుమారు 10 కిలోలు. 2009లో జపాన్‌లో పట్టిన ఒక చేప దానికి సమానంగా నిలిచింది. పండుగప్పలోనో, 2010లో ఆస్ట్రేలియాలోని మండూరన్ సరస్సులో 44.64 కిలోలది గాలానికి పడింది. కాబట్టి ఆ పుస్తకాల నుంచి పద్ధతి నేర్చుకోవచ్చు గాని, కొలతలు తెచ్చుకోకూడదు.

ఎంపిక ఎలా చేయాలి? బ్యాంకులో మేం ఖాతాదారుకు చెప్పే మాటే ఇక్కడా పనికొస్తుంది. సేవింగ్స్ ఖాతా ఉన్నాయన ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిస్తే పాసుపుస్తకాలు పెరుగుతాయి గాని సౌకర్యం పెరగదు. వ్యాపారం పెట్టాడంటే కరెంటు ఖాతా కావాలి. మొదటిది చేయలేని పని చేసేదే రెండోది కావాలి.

నా మొదటి కర్ర ఏడడుగుల మీడియం రకం. దానికి 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 12 పౌండ్ల నైలాన్ దారం. స్పిన్నింగ్ రీలు కర్ర కింద వేలాడుతుంది, విసిరేటప్పుడు దాని చుట్ట తిరగదు, కనుక దారం చిక్కుపడడం తక్కువ. తేలికపాటి ఎరలకు, బతికున్న రొయ్యకు, ఎదురుగాలికి అది భేషైనది. కాని పండుగప్ప గాలం మింగగానే పరుగు తీసేది మడచెట్ల వేళ్లలోకి, ఆలిచిప్పలు పట్టిన గుంజల్లోకి. అక్కడ దాన్ని నిలదీసే సత్తువ ఆ కర్రకు లేదు.

దారం తెగితే మనకు పోయేది ఎర ఒక్కటే. చేప మాత్రం నోట్లో గాలాలతో తిరగాలి. పైగా పండుగప్పలు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడవిగా మారతాయి. అంటే పెద్ద చేపల్లో ఎక్కువ భాగం తల్లులే. వాటిని ఎక్కువసేపు అలవనివ్వకుండా త్వరగా ఒడ్డుకు తెచ్చి, గాలం తీసి, ప్రాణంతో నీళ్లలో వదలగలిగే సామాను కావాలి. రెండో కర్రకు నాకు దొరికిన కారణం ఇదే.

అందుకని ఎనిమిది వేలు పక్కన పెట్టి, ఆరున్నర అడుగుల మీడియం హెవీ కర్ర, బెయిట్‌కాస్టింగ్ రీలు కొన్నాను. పొట్టి కర్ర పడవలో తిప్పుకోవడానికి అనువు. ఈ రీలు కర్ర పైన కూర్చుంటుంది, విసిరేటప్పుడు చుట్ట తిరుగుతుంది. ఎర వేగం తగ్గి చుట్ట వేగం తగ్గకపోతే దారం పిచ్చుక గూడే! బొటనవేలితో చుట్టను అదుపు చేయడం పెరట్లో కొన్నాళ్లు సాధన చేయాలి. ఫలితంగా గురి కుదురుతుంది, లాగే బలమూ వస్తుంది.

దారం 30 పౌండ్ల అల్లిక రకం. పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది కనుక, చివర 40 పౌండ్ల మందపాటి నైలాన్ ముక్క కట్టాలి. రీలు బిగింపు దారపు బలంలో నాలుగో వంతు ఉంచితే చాలు, అంటే మూడున్నర కిలోల లోపు. స్ప్రింగు త్రాసుతో లాగి చూసుకోవచ్చు. కర్ర మీద దారం బలం, ఎర బరువు అచ్చు వేసి ఉంటాయి, ఔన్సు అంటే 28 గ్రాములు. కొనేముందు అవి చదవండి. ఉప్పునీటి నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టండి. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి మాత్రం గాలంతో వెళ్లకండి.

సముద్రపు ఒడ్డు నుంచి దూరం విసిరే వారికి నా ఎంపిక సరిపడదు. వారికి పొడవాటి కర్ర, పెద్ద స్పిన్నింగ్ రీలు మేలు. ఎవరి నీళ్లు వారివి.

దుకాణానికి వెళ్లేముందు ఒక సీజను పాటు చిన్న నోటుపుస్తకంలో మొదటి కర్ర చేయలేని పనులు రాసుకోండి. ఒకే పని నాలుగైదుసార్లు కనిపిస్తే దానికి తగ్గది కొనండి. పేజీ ఖాళీగా ఉంటే ఆ డబ్బు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి. చేపలకూ మీకూ క్షేమం.