మన చేతి పందిరి

పెళ్లి అనగానే మనకి ముందు ఏం గుర్తొస్తుంది? పందిరి. ఇంటి ముందు పందిరి పడితేనే అది పెళ్లివారి ఇల్లు.

మా రాత్రిబడికి ఒక పిన్ని వస్తుంది. ఆమె కూతురికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. పట్నం నుంచి డెకరేషన్ అతను వచ్చాడు. ఫోనులో ఫొటోలు చూపించాడు. రంగు గుడ్డలు, ప్లాస్టిక్ పూలు, తళతళలాడే స్తంభాలు. "మొత్తం 40 వేలు అవుద్దండి" అన్నాడు. తెల్లారితే ఆ గుడ్డలు, ఆ పూలు అతనే పట్టుకుపోతాడు.

పిన్ని అప్పు తెద్దామనుకుంది. నూటికి నెలకి 2 రూపాయల వడ్డీ. అందరం కలిసి బోర్డు మీద లెక్క వేశాం. 40 వేలకి నెలకి 800 రూపాయలు. ఏడాదికి 9,600 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది. పందిరి మాత్రం ఒక్క పూటే ఉంటుంది.

"లెక్క సరే టీచరమ్మా. తాటాకు పందిరి వేస్తే మగపెళ్లివారు ఏమనుకుంటారు?" అని పిన్ని అడిగింది.

అది చిన్న ప్రశ్న కాదు. నలుగురిలో చిన్నబోతామన్న భయంతోనే చాలామంది అప్పు చేస్తారు. అప్పుడు వెనక కూర్చున్న ఒక అత్త లేచింది. ఆమె పట్నంలో పెళ్లిళ్లకి వంటపనికి వెళ్లి వస్తుంది. "పెద్ద పెద్ద హాళ్లలో ఇప్పుడు కుండలు, బుట్టలు, కొబ్బరాకులే పెడుతున్నారు. డబ్బులిచ్చి మరీ పెట్టించుకుంటున్నారు" అని చెప్పింది. పిన్ని చాలాసేపు నమ్మలేదు. కానీ అది నిజం.

చివరికి మేమే పందిరి అలంకరించాం. ఎలా చేశామో చెబుతాను.

పచ్చి సామానుతో పనిచేసేటప్పుడు రోజులు లెక్క పెట్టుకోవాలి. ఒక్కో ఆకుకి ఒక్కో ఆయుష్షు. అది తెలియకపోతే పెళ్లి నాటికి అంతా వాడిపోతుంది.

తాటాకులు అన్నిటికన్నా ముందు కొట్టించాలి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టాలి. కొన్ని రోజులకి ఆకు చదునుగా అణుగుతుంది. అప్పుడే కప్పుకి పనికొస్తుంది. పందిరి రాట మాత్రం మంచిరోజు చూసి వేస్తాం. రాటకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కడతాం. మా గోదావరి వైపు తాటాకు, కొబ్బరాకు ఎక్కువ. తెలంగాణ పల్లెల్లో అయితే పందిరి మీద నేరేడు కొమ్మలు, మామిడి కొమ్మలు కప్పుతారు. ఎక్కడ ఏ చెట్టు ఉంటే అక్కడ ఆ పందిరి.

కొబ్బరాకు దడులు పెళ్లికి రెండు రోజుల ముందు అల్లుకోవాలి. మట్టని మధ్యకి నిలువునా చీల్చాలి. రెండు సగాలవుతాయి. సగం మట్టకి ఉన్న ఆకుల్ని ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోనిస్తూ అల్లాలి. ఆకు పచ్చిగా ఉండగానే అల్లాలి. ఎండితే విరుగుతుంది. ఈ దడులు పందిరికి మూడు పక్కల నిలబెడితే చాలు, రంగు గుడ్డ అవసరం లేదు. మన చిన్నప్పుడు కొబ్బరాకుతో చిలకలు, పాములు, బూరలు చేసుకునేవాళ్లం కదా. ఆ చిలకలే చేసి దడుల మీద గుచ్చాం. ఊళ్లో పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు. ఒక్క మధ్యాహ్నంలో బుట్టెడు చిలకలు తయారయ్యాయి. కొన్ని చిలకలు కాకుల్లా ఉన్నాయి. అవి వెనక వైపు పెట్టాం!

ఒక్క మాట. తెల్లగా, లేతగా ఉన్న ఆకు అందంగా ఉంటుందని మొవ్వు కొయ్యకండి. కొబ్బరి చెట్టుకి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టే పోతుంది. కింది వరస ముదురు ఆకులే కొట్టించండి.

మామిడి తోరణానికి ముదురు ఆకు కావాలి. లేతాకు సాయంత్రానికి వేలాడిపోతుంది. ముదురు ఆకు మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఎన్ని ఆకులు కావాలి? మా పందిరి ఒక్కో పక్క 20 అడుగులు. నాలుగు పక్కలు కలిపి 80 అడుగులు. అడుగుకి మూడు ఆకులు. అంటే 240 ఆకులు. చిరిగినవి పోతాయి కాబట్టి 300 కోశాం. ఆకు తొడిమని పురికొస మీదుగా మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చాం. గుండుసూదులు వద్దు. విప్పేటప్పుడు నేల మీద పడి పిల్లల కాళ్లలో దిగుతాయి.

అరటిచెట్లు పెళ్లి ముందు రోజు సాయంత్రం తెచ్చుకోవాలి. ముందు రెండు రాటలకి గెల ఉన్న చెట్లు కట్టాం. వెనక రెండు రాటలకి గెల కోసేసిన చెట్లు తెచ్చాం. గెల కోసిన చెట్టు మళ్లీ కాయదు. రైతు ఎలాగూ నరికేస్తాడు. అడిగితే ఊరికే ఇస్తాడు. మొదలు తడి మట్టిలో పాతితే మర్నాటిదాకా ఆకు వాడదు.

పూలు ఆఖరున. బంతిపూల దండ రెండు రోజులు ఆగుతుంది. మల్లెలు ఒక్క పూటే. అందుకని బంతిదండలు ముందు రోజు రాత్రి గుచ్చి, తడిగుడ్డ కప్పి, నీడలో పెట్టాం. నీళ్లు చల్లి కుప్ప పోస్తే పూలు వేడెక్కి కుళ్లిపోతాయి. మాకు కడియం పూల బజారు దగ్గర. ముహూర్తాల రోజు అక్కడ పూల ధర ఎగురుతుంది. వీలైతే పెరట్లో నాలుగు బంతి మొక్కలు వేసుకోవడం మేలు.

కుండలకి రంగు దుకాణంలో కొనలేదు. తెలుపుకి సున్నం, పసుపుకి పసుపు, ఎరుపుకి జాజు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. అది మనందరికీ తెలిసిందే, పారాణి అలాగే కదా. కానీ పసుపు ఎండకి వెలిసిపోతుంది. ఆరుబయట చాలా రోజులు ఉంచే కుండలకి జాజు, సున్నమే మంచివి.

ఇక భయపడాల్సిన విషయం ఒకటి ఉంది. నిప్పు. తాటాకు ఎండితే నిప్పురవ్వ చాలు. 2004 జనవరిలో తమిళనాడు శ్రీరంగంలో ఒక పెళ్లి జరుగుతోంది. మేడ మీద ఆకుల పందిరి వేశారు. దానికి నిప్పు అంటుకుంది. 50 మందికి పైగా చనిపోయారు. పెళ్లికొడుకు కూడా చనిపోయాడు.

అందుకని పందిరి వేసే ముందే ఇవి చూసుకోవాలి. కరెంటు తీగ ఆకుకి తగలకూడదు. అతుకులున్న తీగ అసలు కట్టనివ్వకండి. బల్బులు ఆకుకి మూరెడు దూరంలో ఉండాలి. ఫొటోలకి పెట్టే పెద్ద లైట్లు బాగా వేడెక్కుతాయి. వాటిని దడుల దగ్గర పెడతానంటే ఒప్పుకోకండి. పొయ్యి పందిరి కింద వద్దు. బాణసంచా దూరంగా వీధిలో కాల్చాలి. జనం బయటికి పోవడానికి రెండు దారులు వదలాలి. నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు పక్కనే ఉంచాలి. నిప్పంటుకుంటే ముందు మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే నీళ్లు పొయ్యాలి. మా పిన్ని ఇంట్లో మెయిన్ స్విచ్చి ఎక్కడుందో పెళ్లి పనుల్లో ఎవరికీ తెలీదు! వెతికి, పక్కన సుద్దముక్కతో బాణం గుర్తు వేశాం.

థర్మకోల్ అక్షరాలు కావాలని పెళ్లికొడుకు తరపువాళ్లు అడిగారు. అలంకరణకి థర్మకోల్ వాడటం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు కూడా నిషేధమే. మేము ఉతికిన గోనెసంచి మీద పేర్లు రాశాం. సున్నంలో పుల్ల ముంచి రాసింది మన పిన్నే. రెండేళ్ల కిందట ఆమెకి తన పేరు రాయడం రాదు. కూతురి పేరులో ఒక ఒత్తు తప్పు పడింది. ఫొటోలో ఇప్పటికీ కనిపిస్తుంది. నేను దిద్దుతానంటే వద్దంది.

ఇదంతా సొంత ఇంటి పెళ్లి సంగతి. తర్వాత ఇంకొకటి జరిగింది. అదే ముఖ్యం.

ఆ పందిరి ఫొటోలు చూసి పట్నం నుంచి ఫొటోలవాళ్లు వచ్చారు. ఈ మధ్య పెళ్లికి ముందే జంటని తీసుకొచ్చి ఫొటోలు తీస్తున్నారు. దానికి పల్లెటూరి ఇల్లు, ముగ్గు, కుండలు, దడులు కావాలంటున్నారు. మా వీధి ఆడవాళ్లు ఇద్దరు రెండు రోజులు కష్టపడ్డారు. దడులు అల్లారు. అరుగు అలికి ముగ్గులు పెట్టారు. కుండలకి రంగు వేశారు. ఫొటోలయ్యాక వాళ్లు 200 రూపాయలు చేతిలో పెట్టి, "టీ తాగండమ్మా" అని వెళ్లిపోయారు.

ఎంత ఇస్తారని ముందు అడగలేదు. ఇంటి ముందు ముగ్గు వేసినట్టే అనుకున్నారు. అది పని అనిపించలేదు.

మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లాం. కూలి రోజుకి 400 అనుకుందాం. ఇద్దరికి రెండు రోజులు అంటే 1,600. కొబ్బరాకు కొట్టుడు, మోత 300. పూలు 500. కుండలు, పురికొస, సున్నం 250. మొత్తం 2,650 రూపాయలు. చేతికొచ్చింది 200. అంటే ఇద్దరూ తమ కూలి మొత్తం వదులుకున్నారు. పైగా చేతి డబ్బు 850 రూపాయలు పోయింది.

ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండో ఆమె మాత్రం, "మళ్లీ వస్తారుగా. రానీ" అంది.

వచ్చారు. ఈసారి సంక్రాంతికి. ముందే కాగితం రాసుకున్నాం. కాగితం మీద ఇలా ఉంది:

"తేదీ. దడులు 6. రంగు కుండలు 10. బంతిదండలు 12. అరుగు అలికి ముగ్గు వెయ్యడం. మొత్తం సొమ్ము 3,500 రూపాయలు. ముందుగా ఇచ్చినది 1,500. మిగతా 2,000 ఫొటోలు మొదలుపెట్టక ముందు ఇవ్వాలి. కుండలు మావి, తిరిగి మాకే. పగిలితే కుండకి 40 రూపాయలు."

ఆఖరి వాక్యం నాకు తట్టలేదు. రెండో ఆమె చెప్పి రాయించింది. ఇద్దరూ చదువుకుని సంతకాలు పెట్టారు. ఫొటోలవాళ్లూ పెట్టారు. కాసేపు బేరమాడారు కానీ, కోపగించుకోలేదు. ఆ రోజు రెండు కుండలు పగిలాయి.

కుండల డబ్బుతో కలిపి మొత్తం ఎంత వచ్చిందో మీరే లెక్క వెయ్యండి. ఈ లెక్కల్లో నిచ్చెన అద్దె మేము మర్చిపోయాం. మీ ఊళ్లో అద్దె ఎంతో కనుక్కుని అదీ వేసుకోండి.