పడవ బోల్తా కొట్టించడమే మొదటి పాఠం!

"నీళ్ళ కాడికి పోకు బిడ్డా!"

ఈ మాట అనని తల్లి మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఉంటుందా, మీరే చెప్పండి! మానేరు పక్కన ఇల్లున్నా, గోదావరి ఒడ్డున ధర్మపురిలో ఉన్నా, కడెం ప్రాజెక్టు దగ్గర ఉన్నా మనం పిల్లలకు నేర్పే మొదటి భయం నీళ్ళ భయమే. అది ఊరికే పుట్టిన భయం కాదు. వేసవి సెలవులు వచ్చాయంటే కాలువలోనో, చెరువులోనో పిల్లలు మునిగిపోయారన్న వార్త ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం. ఆ రోజంతా మన పిల్లల్ని గడప దాటనివ్వం.

కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. వద్దన్న చోటికే కదా పిల్లలు వెళ్ళేది! భయం వాళ్ళను ఒడ్డున ఆపగలదేమో గాని, నీళ్ళలో పడ్డాక ఒడ్డుకు చేర్చలేదు. ఒడ్డుకు చేర్చేది నేర్పు ఒక్కటే. అలాంటి నేర్పును ఆటలా నేర్పే విద్య ఒకటుంది. అదే తెరచాప పడవ నడపడం, అంటే సెయిలింగ్.

ఏమిటీ పడవ?

కరీంనగర్ దిగువ మానేరు డ్యామ్‌లో మీరు బోటు షికారు చేసే ఉంటారు. అందులో మనం కూర్చుంటాం, ఇంకొకరు నడుపుతారు. నేను చెప్పేది అలాంటిది కాదు. ఇంజను ఉండదు, తెడ్డు వేయనక్కరలేదు. గాలే ఇంధనం. ఒక చేత్తో తెరచాప తాడు, ఇంకో చేత్తో చుక్కాని పిడి పట్టుకుని మన పడవను మనమే నడుపుకోవాలి. ఈ చిన్న పడవల్ని డింగీలంటారు.

పిల్లలు నేర్చుకునే డింగీ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే దీన్ని తయారుచేశాడు. పొడవు సుమారు ఏడుముప్పావు అడుగులు, బరువు 35 కిలోలు. మన ఇంట్లో మంచమంత ఉంటుందన్నమాట! పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఒక్కొక్కరే దీన్ని నడుపుతారు. పెద్ద పిల్లలకూ, పెద్దవాళ్ళకూ లేజర్ అనే 14 అడుగుల పడవ ఉంది. ఇప్పుడు దాన్నే ఇల్కా అంటున్నారు.

ఎక్కడ నేర్పుతారు?

మనకు దగ్గరగా చెప్పుకోదగ్గ చోటు హైదరాబాద్ హుస్సేన్‌సాగరే. టాంక్‌బండ్ మీద నించుంటే గాలికి తేలిపోతున్న తెల్లటి తెరచాపలు మీరు చూసే ఉంటారు. సికింద్రాబాద్‌లోని సైన్యం వారి ఈ.ఎమ్.ఈ. సెయిలింగ్ అసోసియేషన్ పడవలు ఎన్నో ఏళ్ళుగా ఆ నీటి మీద తిరుగుతున్నాయి. 2009లో సుహేమ్ షేక్ ప్రారంభించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సంజీవయ్య పార్కు వైపు ఉంది. ఇది డబ్బున్న వాళ్ళ ఆటే కదా అనుకుంటున్నారా? నిజమే, పడవల ఖరీదు ఎక్కువే. అయినా బస్తీల పిల్లలు, గురుకుల పాఠశాలల పిల్లలు కూడా ఇక్కడ నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చుకున్నారు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. రోజూ వెళ్ళి రావడం కుదరదు గాని, సెలవుల్లో చిన్నమ్మ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో ఉండి నేర్చుకోవచ్చు.

ముందు పడటం, తర్వాతే నడపటం

ఇక అసలు సంగతి వినండి. ఈ విద్యలో మొదటి పాఠాల్లోనే పడవను కావాలని బోల్తా కొట్టిస్తారు! "అయ్యో, ఇదేం నేర్పడం?" అని గుండెల మీద చెయ్యి వేసుకోకండి. మన మనసుకు ధైర్యం చెప్పే పాఠం ఇదే.

లైఫ్ జాకెట్ తొడుక్కున్న పిల్ల నీళ్ళలో పడుతుంది. పడగానే చేయాల్సిన మొదటి పని పడవను పట్టుకోవడం. ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నా సరే, పడవను వదిలి ఈదుకుంటూ పోకూడదు. ఆప్టిమిస్ట్ లోపల గాలి నింపిన సంచులు మూడుంటాయి గనుక అది మునిగిపోదు. పిల్ల పడవ అడుగు వైపుకు చేరుకుంటుంది. అక్కడ పలకలాగా పొడుచుకు వచ్చిన డాగర్ బోర్డును పట్టుకుని, తన బరువంతా దాని మీద వేస్తుంది. తెరచాప నెమ్మదిగా నీళ్ళలోంచి లేస్తుంది, పడవ నిటారుగా నిలబడుతుంది. పిల్ల మళ్ళీ ఎక్కి, పడవకు కట్టి ఉన్న డబ్బాతో లోపలి నీళ్ళు తోడిపోస్తుంది. పిల్లలు నేర్చుకునేంతసేపూ పక్కనే రక్షణ పడవ తిరుగుతూ ఉంటుంది.

చూశారా! పిల్లలు పడకుండా చూడటం మనకు తెలుసు. పడితే ఎలా లేవాలో నేర్పడం మాత్రం మనకు చేతకాదు. వాళ్ళు నేర్పేది అదే.

గాలి సంగతి మీకు తెలియనిదా?

"మాకేం తెలుస్తుందండీ ఈ గాలి లెక్కలు!" అనకండి. దండెం మీద తడి చీర ఆరేశారనుకోండి. గాలి అంచు వైపు నుంచి వస్తే చీర పటపటమని కొట్టుకుంటుంది. గాలి నిండుగా తగిలితే బుంగలా ఉబ్బి దండేన్నే లాగుతుంది. తెరచాప సూత్రం సగం ఇందులోనే ఉంది. పటపట కొట్టుకునే తెరచాప పడవను నడపదు. తాడు లాగి దాన్ని గాలికి సరిగ్గా పట్టాలి. గాలి మరీ ఎక్కువైతే తాడు వదిలేయడమే ఉపాయం. తెరచాప ఖాళీ అయి పడవ నెమ్మదిస్తుంది.

కళ్ళంలో వడ్లు తూర్పారబట్టే మన పల్లె ఆడవాళ్ళు గాలి ఎటు నుంచి వస్తోందో, ఎప్పుడు పడిపోతుందో ఒంటికి తగిలే తీరును బట్టే చెప్పేస్తారు. ఆ చూపే ఇక్కడా కావాలి. ఒక్క చిక్కుంది. తెరచాప పడవ నేరుగా గాలికి ఎదురు పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీలు పక్కగా కొంత దూరం ఇటు, మళ్ళీ తిరిగి కొంత దూరం అటు, అలా వంకరగా పోతూ ఎదురు దిక్కుకే చేరుకుంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. మొదటి రెండు రోజులు అందరూ ఇక్కడే తికమక పడతారు.

సముద్రం లేకపోయినా

మన వైపు సముద్రం లేదు కదా అంటారా? మధ్యప్రదేశ్‌కూ లేదు. అక్కడి రైతు కుటుంబంలో పుట్టిన నేహా ఠాకూర్ భోపాల్ చెరువులో నేర్చుకుని, 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బాలికల డింగీ పోటీలో రజత పతకం తెచ్చింది. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్న కొంగర ప్రీతి అవే క్రీడల్లో భారత జట్టులో పాల్గొంది. ఇక తారిణి అనే 55 అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళలు 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మేలో క్షేమంగా వచ్చారు. వాళ్ళలో ఇద్దరు మన తెలుగమ్మాయిలే - విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య.

చేర్పించే ముందు అడగండి

* లైఫ్ జాకెట్ పిల్ల కొలతకు సరిపోతుందా? భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా జారి వస్తే అది పెద్దదన్నమాట.
* రక్షణ పడవ ఎప్పుడూ నీటి మీదే ఉంటుందా? ఒక్కో శిక్షకుడి దగ్గర ఎంతమంది పిల్లలుంటారు?
* ఈత ఎంత వచ్చి ఉండాలి? ముందుగా ఊళ్ళోనే కొలనులో ఈత నేర్పించడం ఎప్పుడూ మంచిదే.
* చున్నీలు, వదులు పైజామాలు పనికిరావు. ఒంటికి అతికే పొడుగు చేతుల బట్టలు, తాడుతో కట్టుకునే టోపీ, జారని బూట్లు ఉండాలి. జడ బిగించి వేయండి.
* హుస్సేన్‌సాగర్ నీరు శుభ్రమైనది కాదు. ఒంటి మీద గాయముంటే ఆ రోజు మానేయాలి. ఒడ్డుకు రాగానే సబ్బుతో స్నానం తప్పనిసరి.
* వెళ్ళే ముందు ఇడ్లీలాంటి తేలిక ఫలహారం పెట్టండి. వచ్చాక ఆకలి దంచేస్తుంది! డబ్బాలో సర్వపిండి, సీసాలో ఉప్పేసిన మజ్జిగ ఉంటే అంతకు మించింది లేదు.

మరి మీరో?

పిల్లను ఒడ్డున దింపి, తువ్వాలు పట్టుకుని కూర్చునే పని ఎప్పుడూ మనదేనా? ఈ పాఠాలు పెద్దవాళ్ళకు కూడా ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్ళకో, నలభై ఏళ్ళకో మొదలుపెట్టినా నేర్చుకోవచ్చు. బలం కన్నా ఓపిక, గమనింపు ఎక్కువ కావాలి. ఆ రెండింటికీ మన దగ్గర కొదవ లేదు కదా! బి.పి., గుండె జబ్బు, మూర్ఛ లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టరుగారిని అడగండి.

అంత దూరం వెళ్ళడం ఈ ఏడు కుదరకపోవచ్చు. ఫరవాలేదు. ఈసారి మానేరు గట్టు మీదికి షికారుకు వెళ్ళినప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "గాలి ఎటు నుంచి వస్తోంది బిడ్డా?" అని అడగండి. నీళ్ళ మీద అలలు ఎటు కదులుతున్నాయో చూపించండి. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కకూడదని చెప్పండి. పడవ బోల్తా పడితే దాన్ని వదలకూడదని కూడా చెప్పండి.

"నీళ్ళ కాడికి పోకు" అన్న మాట కన్నా ఈ నాలుగు మాటలే రేపు వాళ్ళకు ఎక్కువ అక్కరకొస్తాయి.