జీవశాస్త్ర డిగ్రీలో సబ్జెక్టుల ఎంపిక

విశాఖపట్నంతో సహా ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడింటినీ సమానంగా చదివించే పాత పద్ధతి స్థానంలో, 2023-24 నుంచి లోతుగా చదవాల్సిన ఒకే ప్రధాన విషయం, అంటే మేజర్, దానికి తోడుగా మైనర్ అనే అనుబంధ విషయం ఉండే విధానం అమలులోకి వచ్చింది. జంతుశాస్త్రం మేజర్‌గా తీసుకున్నవారికి మైనర్‌గా రసాయనశాస్త్రమే మేలు. రసాయన బంధాలు తెలియనిదే ఎంజైముల పని, అంటే జీవక్రియలను వేగవంతం చేసే ప్రోటీన్ల పని, బోధపడదు.

మైనర్‌గా రసాయనశాస్త్రాన్ని ఎంచుకున్నందుకు గణాంకశాస్త్రాన్ని వదులుకోవాల్సి రావడం మాత్రం పెద్ద నష్టం. విశాఖ తీరంలోని తెన్నేటి పార్కు దిగువన, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు బయటపడే రాళ్లకు అతుక్కున్న బార్నకిల్స్‌ను, అంటే పీతల వర్గానికే చెందిన గుల్లజీవులను, చదరపు చట్రం పరిచి లెక్కించిన విద్యార్థికి, ఎగువ రాళ్లకూ దిగువ రాళ్లకూ మధ్య కనిపించిన తేడా నిజమైనదో యాదృచ్ఛికమో తేల్చుకునే దారి చూపేది ఆ శాస్త్రమే.