రెండవ అక్షరాభ్యాసము

గోదావరి గట్టున బాసరలో తల్లిదండ్రులు బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొని పలకమీద ఓనమాలు దిద్దించుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ ఊరిలోనే 2008వ సంవత్సరములో మరియొక అక్షరాభ్యాసమునకు సంకల్పము జరిగినది. పదవ తరగతి ముగించి, పదునైదు పదునారేండ్ల ప్రాయమున వచ్చు పల్లెటూరి పిల్లలకు రెండేండ్లు గణితమును, భౌతిక శాస్త్రమును, తదితరములను నేర్పి, ఆపై నాలుగేండ్లు ఇంజనీరింగు చదివించి పంపవలెనని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును నెలకొల్పినది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ దాని తొలి ప్రాంగణములు. 2014లో రాష్ట్రము విడిపోగా బాసర తెలంగాణమునకు చెందినది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళము ప్రాంగణములు చేరినవి. పేరు పొడవైనందున కాబోలు, జనులు దీనిని ‘ట్రిపుల్ ఐటీ’ అనియే పిలుచుచున్నారు.

చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగ్ బహుమతి నందుకొన్న రాజ్ రెడ్డి దీనికి తొలి కులపతి. ప్రవేశము సాధారణముగా పదవ తరగతి ఫలితములనుబట్టియే. వసతిలేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి పదింటికి 0.4 చొప్పున అంకము కలుపు నియమమొకటి ఏర్పడినది. ఇది దయాభిక్షవలె కొందరికి తోచవచ్చును. ప్రయోగశాల లేని బడిలో, గణితోపాధ్యాయుడు ఏడాదిలో సగముకాలము లేని తరగతిలో తెచ్చుకొన్న తొమ్మిదియు, పట్టణములో రెండు ట్యూషన్ల నడుమ తెచ్చుకొన్న తొమ్మిదియు ఒక్కటేనా యని అడిగినచో, ఆ 0.4 చాలునా యను సందేహమే మిగులును.

అయినను ప్రవేశము గడప మాత్రమే. గడప దాటిన పిమ్మట నేమి జరుగుచున్నది? ఇట్లు వచ్చినవారు మందబుద్ధులు కారు. తమ తమ బడులలో మొదటివారు. ఊరివారు మెచ్చి, పంతుళ్ళు భుజము తట్టి పంపినవారు. అట్టివాడు మొదటి పరీక్షలో నూటికి ముప్పది తెచ్చుకొన్ననాడు, ‘నాకు రానిది ఇంగ్లీషా, లెక్కలా?’ అని విడదీసి చూచుకొనలేడు. ‘నాకు బుద్ధి లేదు’ అనుకొనును. ఇంటికి ఉత్తరము వ్రాసినను, ఫోను చేసినను, కారణమును గుర్తెరిగి చెప్పగల చదువరి ఆ ఇంట ఉండడు. ప్రమాదమంతయు ఈ మొదటి ఆరు నెలలలోనే యున్నది.

ముందు భాష సంగతి. తెలుగు బడిలో ఆ బాలుడు వడి వేరు, వేగము వేరు అని నేర్చినాడు. దిశ చేరినచో వేగము, చేరకున్న వడి. త్వరణము, ద్రవ్యవేగము, జడత్వము, సదిశ, అదిశ — ఇవన్నియు అతనికి కరతలామలకములే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములును, పారిభాషిక పదకోశములును వెలువరించి ఈ మాటలలో పెక్కింటిని స్థిరపరచినది. ఇంగ్లీషు తరగతిలో అడుగుపెట్టిన నాటినుండి ఈ మాటలలో నొక్కటియు వినబడదు. ‘మొమెంటమ్’ అని అధ్యాపకుడు పలుకుచుండ, తనకు రెండేండ్ల క్రిందటనే తెలిసిన ద్రవ్యవేగమే అదియని గ్రహింపక, క్రొత్త వింతను చూచినట్లు చూచుచుండును. తెలిసినదానిని తెలియనిదిగా చేసి నేర్పుట కంటె వృథాశ్రమ యేమున్నది? మొదటి నెలలో నిత్యము ఒక పావుగంట ఈ రెండు భాషల మాటలను ప్రక్కప్రక్కన నల్లబల్లపై వ్రాయించినచో చాలును.

తెలుగు మాటలలోను ఒక చిక్కున్నది. ‘బలము’, ‘శక్తి’, ‘సామర్థ్యము’ అనునవి కావ్యములలో ఒకదానికి బదులొకటి వచ్చుచునే యుండును, వాడుకలోను అంతే. భౌతిక శాస్త్రమున మూడును మూడు భిన్న పదార్థములు, మూడింటికిని కొలమానములు వేరు. ‘జడత్వము’ అనగానే మనకు తోచునది మందత. శాస్త్రమున అది ఉన్న స్థితిని విడువనొల్లని గుణము — నిలిచియున్నది నిలిచియుండగోరును, పోవుచున్నది పోవుచుండగోరును. ఇంగ్లీషు పిల్లలకును ఈ తిప్పలు తప్పవు, వారి మాటలును వాడుకనుండి ఎరువు తెచ్చుకొన్నవే. దేశభాషలో ఉన్నత శాస్త్రములు చెప్ప వీలు పడదనువారు, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఒక తరము పాటు ఉర్దూలోనే శాస్త్రములు బోధించినారని మరువరాదు. ఆ పనికై ముందుగనే ఒక అనువాద శాఖను ఏర్పరచుకొన్నారు. ఆ ముందుచూపు మనకు రాలేదు.

భాష తీరినను భావము మిగిలియుండును. రాయిని నిట్టనిలువుగా పైకి విసరినచో, మిక్కిలి ఎత్తున అది క్షణమాత్రము ఆగును. అప్పుడు త్వరణమెంత? తరగతిలో సగముమంది సున్న యందురు. “పైన ఆగిపోయింది గదా సార్! ఆగినదానికి త్వరణం ఎక్కడిది?” అని వారి వాదము. తప్పని కొట్టివేసి, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లని వ్రాయించుట సులభము. అంతకంటె, “సరే, వేగమూ సున్న, వేగము మారుటయు సున్న అయితే, ఆ రాయి తర్వాత ఏమి కావలెనురా?” అని తిరిగి యడిగినచో, వారే ఒక నిమిషము ఆలోచించి, అది త్రిశంకునివలె అచ్చటనే వ్రేలాడవలసి వచ్చునని నవ్వుదురు. ఆ నవ్వుతో నేర్చినది పరీక్ష ముగిసినను పోదు.

కలనగణితము మరింత భయపెట్టునది. ఘాతాంకమును ముందుకు తెచ్చి, ఒకటి తగ్గించి వ్రాయుమను సూత్రమును పది నిమిషములలో కంఠస్థము చేయవచ్చును; చేయుచున్నారు కూడ. అది దేనికని అడిగిన మౌనము. జారవిడిచిన రాయి పడు దూరము కాలవర్గమునకు 4.9 రెట్లు మీటర్లు. సరిగా మొదటి సెకను చివర దాని వేగమెంత? ఒకటినుండి రెండవ సెకనువరకు సగటు 14.7. ఒకటినుండి 1.1 వరకు 10.29. ఒకటినుండి 1.01 వరకు 9.849. కాలవ్యవధి కుంచించుకొలది సగటు 9.8ని సమీపించుచున్నది, దానినే ‘అవధి’ యందురు. ఈ నాలుగు లెక్కలు కూడికలు, గుణకారములు తెలిసిన ఎవడైనను చేయగలడు. చేసినవాడు న్యూటను ఎచ్చట నిలిచి చూచినాడో ఆ చోటనే ఒక గడియ నిలిచినవాడగును. దీనికొక గంట పట్టును. పాఠ్యప్రణాళికలో ఆ గంట లేదందురు. తరువాత పోవు గంటల లెక్క మాత్రమెవరును వేయరు.

పల్లెబిడ్డకు లోటులే గాని లాభములు లేవా? పాఠ్యగ్రంథములలో మంచుపై జారు క్రీడాకారులు కనబడుదురు. మంచును మన పిల్లలు చూచియుండరు. గిలకబావి, ఎడ్లబండి, ఏతాము, కావడి చూచినవారు నేటికిని కలరు. రెండు మీటర్ల కావడిబద్దకు ఒకవైపు 20 కిలోలు, మరియొకవైపు 30 కిలోలు కట్టి, బద్ద బరువును లెక్కింపకున్నచో, భుజము ఎచ్చట నుంచవలెను? బరువువైపునుండి 80 సెంటీమీటర్లు, తేలికవైపునుండి 120. ఇరువైపుల లబ్ధము 2400 — సమానము. కావడి మోయు తాత ఈ లెక్క వేయకయే భుజము జరుపుకొనును. మనుమడు కాగితముమీద వేసి, తాత చేసినది సరియేనని ఋజువు చేయును. భ్రామకము అను మాట అటుపిమ్మట చెప్పినను చాలును.

ఈ చిక్కు మనదొక్కటియే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమున 1970 దశకములో నల్లజాతి విద్యార్థులు పలువురు కలనగణితమున తప్పుచుండిరి. శ్రద్ధ లేదని, పునాది లేదని, ఇంటి ఆదరణ లేదని అధ్యాపకులు తలకొక కారణము చెప్పిరి. యూరీ ట్రైస్‌మన్ అను గణితవేత్త ఆ మాటలు నమ్మక, ఇరువదిమంది నల్లజాతి విద్యార్థులను, ఇరువదిమంది చైనా సంతతివారిని ఎన్నుకొని, వారు ఎట్లు చదువుచున్నారో దగ్గర నుండి చూచెను. నల్లజాతి విద్యార్థులు గంటలకొలది కష్టించుచుండిరి, కాని ఒంటరిగా. చైనావారు సాయంకాలము గుమిగూడి ఒకరి లెక్క నొకరు దిద్దుకొనుచు, తగవులాడుకొనుచు చదువుచుండిరి. అతడు చేసిన చికిత్స గమనింపదగినది: వెనుకబడినవారికని సులభపాఠము పెట్టలేదు. అందరికంటె కఠినమైన లెక్కలిచ్చి, కలిసి కూర్చుండి చేయుమనెను. ఫలితములు తారుమారైనవి. మన పాఠశాలలలో ‘రెమిడియల్’ అను పేరిట జరుగు తరగతులను నడుపువారు దీనిని చదువవలెను. ఒకసారి అర్థము కాని పాఠమునే రెండవసారి బిగ్గరగా చెప్పుట ఔషధము కానేరదు. పైగా ఆ తరగతికి వెళ్ళుటయే అవమానమని పిల్లవాడు భావించును.

మన దేశమున ఐ.ఐ.టి.లలో మరియొక పద్ధతి కలదు. షెడ్యూల్డు కులములు, తెగలకు చెందిన విద్యార్థులు ప్రవేశ పరీక్షలో కొద్దిలో తప్పినచో, వారిని ఒక సంవత్సరము సన్నాహ తరగతిలో చేర్చుకొని గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు, ఇంగ్లీషు నేర్పుదురు. ఏడాది చివర ఉత్తీర్ణుడైనచో మరల ప్రవేశ పరీక్ష లేకయే బి.టెక్. మొదటి సంవత్సరమున చేరవచ్చును. ఏడాది పోయినదని బంధువులు విచారింతురు. పోయినది ఏడాది, నిలిచినది పునాది. అయితే అక్కడను ఆ ఏడాదిని ఎవరు బోధించుచున్నారన్నదే ప్రధానము. పై తరగతులకు పెద్ద ఆచార్యులు, మొదటి తరగతికి నిన్న మొన్న చేరిన తాత్కాలికులు అను ఏర్పాటు ఎచ్చట కనబడినను, అది తలక్రిందులైనదే. ఓనమాలు దిద్దించు చేయి తడబడరాదు.

ఈ సంగతిని పెద్దలకంటె పిల్లలే ముందు గ్రహించినారు. 2022 జూన్ మాసమున బాసర విద్యార్థులు ఎండనక వాననక ప్రాంగణపు ద్వారము కడ వారము దినములు కూర్చుండిరి. వారు కోరినవి పండ్రెండు. అందులో భోజనము, వసతుల మాటలున్నవి, లాప్‌టాప్‌ల మాట యున్నది. పూర్తికాలపు ఉపకులపతి కావలెననియు, విద్యార్థుల సంఖ్యకు తగినంతమంది అధ్యాపకులను నియమింపవలెననియు కూడ ఉన్నది.