పాత యుద్ధవిమానాల పునరుద్ధరణ – ప్రామాణికత

ఉపోద్ఘాతం:
తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు శిథిలమైన భాగాన్ని పూరించినప్పుడు ఆ సంగతిని పాదసూచికలో తెలుపుతాడు. పాత యుద్ధవిమానాలను పునరుద్ధరించేవారికీ ఇటువంటి బాధ్యతే ఉంటుంది. కెనడాలోని హామిల్టన్‌లో ఉన్న ‘కెనడియన్ వార్‌ప్లేన్ హెరిటేజ్ మ్యూజియం’ లాంకాస్టర్ విమానం ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. విమాన చరిత్ర:
ఎఫ్.ఎం. 213 సంఖ్య గల ఈ బాంబరు 1945లో ఒంటారియో రాష్ట్రంలోని మాల్టన్‌లో తయారైంది. ఇది యుద్ధంలో పాల్గొనలేదు. యుద్ధానంతరం సముద్రంపై గస్తీకి, గాలింపు చర్యలకు ఉపయోగపడింది. విరమణ తరువాత గోడ్‌రిచ్ పట్టణంలో స్మారకంగా ఆరుబయట నిలిచింది. 1977లో మ్యూజియానికి చేరి, 1988 సెప్టెంబరు 24న తిరిగి ఎగిరింది. నేడు ప్రపంచంలో ఎగురుతున్న లాంకాస్టర్లు రెండే. రెండవది బ్రిటన్ వాయుసేన వద్ద ఉంది.

2. స్వచ్ఛంద సేవకుల శ్రమ:
ఈ పునరుద్ధరణలో స్వచ్ఛంద సేవకుల పాత్ర ప్రధానమైనది. తుప్పు తినేసిన లోహపు రేకులను, పాతబడిన తీగలను, గొట్టాలను మార్చనిదే విమానం ఎగరదు. కానీ మార్చిన ప్రతిసారీ మూలపదార్థం కొంత తగ్గుతుంది. కదలకుండా భద్రపరిస్తే మూలపదార్థం నిలుస్తుంది. ఆ యంత్రాన్ని నడిపే, బాగుచేసే విద్య మరుగున పడుతుంది. ఎగిరే విమానానికి ప్రమాదభయమూ ఉంటుంది. అయితే నేలపై ఉన్నంత మాత్రాన రక్షణ లభించదు. 1993లో ఇదే మ్యూజియం హ్యాంగరులో జరిగిన అగ్నిప్రమాదంలో హరికేన్‌తో పాటు మరికొన్ని విమానాలు దగ్ధమయ్యాయి. లాంకాస్టర్ మిగిలింది.

3. దేహం ఒకటి, పేరు మరొకటి:
ఈ విమానంపై కనిపించే గుర్తులు దీనివి కావు, కె.బి. 726 అనే మరొక లాంకాస్టరువి. 1944 జూన్‌లో ఆ విమానం మంటల్లో చిక్కుకున్నప్పుడు, వెనుక టరెట్‌లో ఇరుక్కున్న సహచరుణ్ణి విడిపించబోయి ఆండ్రూ మైనార్‌స్కీ ప్రాణాలు కోల్పోయాడు. ఆ సహచరుడు బతికాడు. మైనార్‌స్కీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించింది. ఆ త్యాగాన్ని స్మరించడం ఉచితమే. కానీ పై రంగునే సాక్ష్యంగా తీసుకునే పరిశోధకుడు ఈ విమానమే ఆ యుద్ధాన్ని చూసిందని పొరబడవచ్చు.

ముగింపు:
ఎగిరే విమానానికి చేసిన ప్రతి మరమ్మతునూ నమోదు చేయడం కెనడాలో తప్పనిసరి. పరిశోధకునికి ఆ నమోదు పుస్తకమే పాఠభేదాల పట్టిక వంటిది. ఏది మూలం, ఏది పూరణ అన్నది అందులో తేలుతుంది. కానీ సేవకుల చేతుల్లో ఉన్న పనితనం ఆ పుస్తకంలోకి ఎక్కదు. వయసు మీరిన సేవకుల నుండి ఆ విద్యను మౌఖిక చరిత్రగా సేకరించడం కూడా పునరుద్ధరణలో భాగమేనని గుర్తించాలి.