గోడపై గీత చెరిగినా నిలిచే కళ: సోల్ లెవిట్ చిత్రాలను చూడవలసిన తీరు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, నార్త్ ఆడమ్స్ పట్టణంలో గల మాస్ మోకా మ్యూజియంలో మూడంతస్తుల భవనం ఒకటి పూర్తిగా ఒకే కళాకారుని కుడ్యచిత్రాలకు కేటాయించబడింది. సోల్ లెవిట్ (1928-2007) 1969 నుంచి 2007 వరకు రూపొందించిన 105 చిత్రాలు దాదాపు ఎకరం విస్తీర్ణం గల గోడలపై కొలువుదీరాయి. 2008 నవంబరులో ప్రారంభమైన ఈ ప్రదర్శన 2043 వరకు కొనసాగనుంది. అయితే ఈ గోడలపై లెవిట్ స్వయంగా గీసిన గీత ఒక్కటి కూడా లేకపోవడం విశేషం. ఆయన మరణానంతరం, 2008లో, అనుభవజ్ఞులైన సహాయకులు, యువ కళాకారులు, విద్యార్థులు కలిసి సుమారు ఆరు నెలలు శ్రమించి వీటిని పూర్తి చేశారు.

ఆలోచనే కృతి

కళాకృతిలో ఆలోచనే ప్రధానమని, దానిని అమలుపరచడం తరువాతి పని అని లెవిట్ 1967లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించారు. 1968లో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలో తొలి కుడ్యచిత్రాన్ని తానే గీసినప్పటికీ, క్రమంగా సూచనలను వ్రాసి ఇచ్చి, గీసే బాధ్యతను ఇతరులకు అప్పగించారు. ఉదయం వేసిన చుక్కల ముగ్గు సాయంత్రానికి చెరిగిపోయినా, చుక్కల లెక్క తెలిసినవారు దానిని మరునాడు తిరిగి వేయగలరు. ఈ పోలిక లెవిట్ పద్ధతిని అర్థం చేసుకొనుటకు తోడ్పడుతుంది.

ముందు సూచన, తరువాత గోడ

ఇట్టి చిత్రాలను చూచువారు మొదట సూచనను చదివి, పిదప గోడను పరిశీలించడం ఉపయుక్తం. 1969 నాటి 11వ కుడ్యచిత్రంలో గోడ నాలుగు సమభాగాలుగా విభజించబడింది. నిలువు, అడ్డ, ఎడమ ఏటవాలు, కుడి ఏటవాలు అనే నాలుగు రకాల గీతలలో మూడేసి ప్రతి భాగంలోను ఒకదానిపై ఒకటి గీయబడ్డాయి. నాలుగింటి నుంచి మూడింటిని ఎంచుకొనే మార్గాలు సరిగ్గా నాలుగే. దూరం నుంచి బూడిదరంగు పొరవలె కనిపించే ఈ గోడ, దగ్గరకు వెళ్లగా లెక్క ప్రకారం అల్లిన గీతలుగా విడిపోతుంది. ఛాయాచిత్రంలో ఈ అనుభవం లభించదు.

సూచన ఉన్నంత మాత్రాన ఎవరు గీసినా ఒకటేనా అన్న సందేహం సహజం. 797వ చిత్రం దీనికి సమాధానం. మొదటి వ్యక్తి గోడ పైభాగాన నల్లని వంకర గీత గీయగా, రెండవవారు ఎరుపు, మూడవవారు పసుపు, నాలుగవవారు నీలం రంగులలో దానిని క్రిందుగా అనుకరిస్తూ గోడ చివరి వరకు సాగుతారు. చేతి చిన్న వణుకు గీత గీతకూ పెరిగి, అలలుగా మారుతుంది. నియమం ఒకటే అయినా ఫలితం ప్రతిసారీ వేరు.

సంరక్షణలో కొత్త బాధ్యత

లెవిట్ చిత్రాన్ని సేకరించినవారికి ధ్రువపత్రం, రేఖాపటం అందుతాయి. గోడకు రంగు వేసి చిత్రాన్ని తొలగించినా కృతి నశించదు. మరొక చోట తిరిగి గీయవచ్చు. కావున ఇక్కడ భద్రపరచవలసినవి పత్రాలు, వాటితో పాటు సూచనను సరిగా ఆచరించగల నైపుణ్యం. మాస్ మోకాలో అనుభవజ్ఞుల పక్కన విద్యార్థులు పనిచేయడం వలన ఆ నైపుణ్యం మరొక తరానికి అందింది. ప్రదర్శన ముగిసిన నాడు గోడలు ఖాళీ అయినా, ఈ చిత్రాలను మళ్లీ గీయుటకు కావలసినది అదియే.